మన ప్రోగ్రాం పొరుగూరు వెళితే...



వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని సంచిక బాధ్యులు ఫోను చేసినప్పుడు ఒక్కటి మాత్రం గట్టిగా అనుకున్నాను. "కష్టపడి చదివితే పైకొస్తారు" అన్న వ్యాసం రాయకూడదని! అది మనకి ప్రతి ఆగస్టు 15కీ, ప్రతి జనవరి 26కీ వచ్చిన ప్రతి అధికారీ చెప్పి వెళ్ళేదే. పైగా కష్టం గురించి మన హాస్టలు పిల్లలకి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. అందుకని ఇరవై ఏళ్ళుగా నాకు అన్నం పెడుతున్న పని గురించే రాస్తున్నాను. ఒక కంప్యూటర్లో చక్కగా నడిచే ప్రోగ్రాం ఇంకో కంప్యూటర్లో ఎందుకు నడవదు? నడిపించాలంటే ఏం చేయాలి? వినడానికి ఇంతే. కానీ నా మొదటి ఉద్యోగం ఈ ప్రశ్న దగ్గరే పోబోయి ఆగింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ప్రోగ్రాములు ఇంట గెలుస్తాయి. రచ్చకెక్కేసరికే చతికిలబడతాయి.

మా తరంలో చాలామందికి సీ లాంగ్వేజీ అంటే టర్బో సీ. నీలం రంగు తెర, పైన మెనూ, ప్రతి ప్రోగ్రాం మొదట్లో 'కోనియో' అనే హెడర్ ఫైలు, తెర తుడవడానికో ఫంక్షను, చివర్లో మీట నొక్కేదాకా ఆగడానికో ఫంక్షను. ల్యాబులో, రికార్డులో, వైవాలో అంతా ఇదే. సీ భాషంటేనే ఇది అనుకునేవాళ్ళం. 2003లో మా కాలేజీ ల్యాబులో రెండు మిషన్లకి లైనక్స్ వేశారు. అవే ప్రోగ్రాములు అక్కడ కంపైలు చేస్తే మొదటి లైన్లోనే 'కోనియో దొరకలేదు' అంది. ఎందుకంటే అది సీ భాషలో భాగం కాదు. డాస్ మీద నడిచే కంపైలర్లు తమంతట తాము కలుపుకున్న సరుకు అది.

ఇంకో వింత కూడా ఆ రోజే చూశాం. 8 ఫ్యాక్టోరియల్ ఎంత? చేత్తో వేస్తే 40320. టర్బో సీలో 'ఇంట్' రకంతో వేస్తే -25216 వస్తుంది. అక్కడ ఇంట్‌కి 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. అదే ప్రోగ్రాం లైనక్స్‌లో ఇంట్‌కి 32 బిట్లు కాబట్టి 40320 అని సరిగ్గా చెప్పింది. అయితే అక్కడా 13 ఫ్యాక్టోరియల్ దగ్గర పట్టుబడుతుంది. ఇంట్ ఎంత పెద్దదో సీ భాష కచ్చితంగా చెప్పలేదు, కనీసం ఇంత ఉండాలని మాత్రమే చెప్పింది. మిగతాది మిషనుకీ కంపైలరుకీ వదిలేసింది. ఇది లోపం కాదు, కావాలని వదిలిన సందు. ఆ సందులోంచే సీ అన్ని మిషన్లకీ పాకింది. మన తిప్పలూ ఆ సందులోంచే వచ్చాయి!

కొంచెం వెనక్కి వెళతాను. యునిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాన్ని పీడీపీ-7 అనే మిషను మీద, ఆ మిషను అసెంబ్లీ భాషలోనే మొదలుపెట్టారు. అలా రాసినది ఆ మిషనుతోటే బతుకుతుంది, దానితోటే పోతుంది. 1973లో, అప్పటికి పీడీపీ-11 మీద ఉన్న యునిక్స్‌ని రిచీ తయారుచేసిన సీ భాషలో తిరగరాశారు. ఆ తర్వాత 1977లో ఆస్ట్రేలియాలోని వూలంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్ దాన్ని ఇంటర్‌డేటా 7/32 అనే పూర్తిగా వేరే జాతి మిషను మీదకి చేర్చారు. ఇంచుమించు అదే సమయంలో బెల్ ల్యాబ్స్‌లో రిచీ, స్టీవ్ జాన్సన్ ఇంటర్‌డేటా 8/32 మీదకి చేర్చారు. ఆపరేటింగ్ సిస్టమంటే మిషనుతో పాటు పుట్టి మిషనుతో పాటు పోయేదని అందరూ అనుకునే రోజులవి. నన్నడిగితే కంప్యూటర్ల చరిత్రలో ఇంతకన్నా పెద్ద విషయాలు నాలుగైదుకి మించి ఉండవు.

ఆ మిషన్ల మధ్య తేడాల్లో ఒకటి నాకు తర్వాత స్వయంగా ఎదురైంది. నాలుగు బైట్ల సంఖ్యని మెమరీలో పెట్టేటప్పుడు కొన్ని మిషన్లు పెద్ద స్థానం నుంచి మొదలుపెడతాయి, కొన్ని చిన్న స్థానం నుంచి. మనం ఉత్తరం మీద అడ్రసు రాసేటప్పుడు పేరు, వీధి, ఊరు, మండలం, జిల్లా అని చిన్న దాన్నుంచి పెద్దదానికి వెళతాం. జపాను వాళ్ళు తమ భాషలో పెద్దదాన్నుంచి చిన్నదానికి వస్తారు. రెండూ సరైనవే. ఒకరి అడ్రసు ఇంకొకరి వరుసలో చదివితేనే తంటా. 'యునిక్స్' అనే ఇంగ్లీషు మాటలో అక్షరాలు రెండేసి తారుమారైతే 'నక్సీ' అవుతుంది కాబట్టి దీనికి నక్సీ సమస్య అనే పేరు కూడా ఉంది. ఈ రెండు వర్గాలకి 'బిగ్ ఎండియన్', 'లిటిల్ ఎండియన్' అనే పేర్లు 1980లో డానీ కోహెన్ పెట్టారు. గలివర్ కథలో గుడ్డుని పెద్ద వైపు పగలగొట్టాలా, చిన్న వైపు పగలగొట్టాలా అని కొట్టుకున్న వాళ్ళ పేర్లవి. మన హాస్టల్లో గుడ్డు వచ్చిందా లేదా అన్నదే గొడవ గానీ, ఎటువైపు పగలగొట్టాలన్న గొడవ ఎప్పుడూ లేదు!

ఇక నా సంగతి. చదువయ్యాక అందరిలాగే అమీర్‌పేట చేరాను. మైత్రీవనం చుట్టూ కరపత్రాలు, ఒక గదిలో ఆరుగురం, రెండు పూటల మెస్సు. 2005లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పేరు అనవసరం. ఆరు నెలల ప్రొబేషను, నెలకి ఎనిమిది వేలు. అప్పటికి మా నాన్న నా చదువు కోసం తెచ్చిన నలభై వేలు మూడు రూపాయల వడ్డీ మీద నడుస్తోంది. కూలి చేసుకునే మనిషి. ప్రొబేషను దాటడమంటే నాకు అర్థం ఆ అప్పు తీరడమే.

మా కంపెనీ ప్రోగ్రాం కరెంటు బిల్లుల లెక్క కట్టేది. విదేశంలో ఉన్న కస్టమరు దగ్గర అది సోలారిస్ మీద, స్పార్క్ మిషన్లలో ఏళ్ళుగా నడుస్తోంది. ఆ మిషన్లు ఖరీదు. ఇంటెల్ చిప్పులున్న మామూలు సర్వర్ల మీద లైనక్స్ వేసి అందులోకి మార్చుకుంటామన్నారు. ఆ పని నాకిచ్చారు. సీ ప్రోగ్రామే, రెండూ యునిక్స్ కుటుంబమే, కంపైలు కూడా అయింది. కానీ పాత డేటా ఫైలు చదవగానే మొదటి ఇంటి పేరు సరిగ్గా వచ్చి, యూనిట్లు మాత్రం 73,82,63,040 అని వచ్చాయి. అసలు సంఖ్య 300. రెండో ఇంటి నుంచి పేరే పాడైపోయింది.

మీటింగులో మా టీం లీడరు గారు, "పాతది ఏళ్ళ తరబడి నడిచిందయ్యా, నువ్వు ముట్టుకున్నాకే పాడైంది" అన్నారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "రిజర్వేషన్లో సీట్లొస్తే ఇలాగే ఉంటుంది" అని పక్కాయనతో, నాకు వినబడేలా అన్నారు. ప్రైవేటు ఉద్యోగంలో రిజర్వేషను ఎక్కడిదో ఆయనే చెప్పాలి! నేనేమీ అనలేదు. సోమవారం లోగా తేలకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు. ఇంకొకరికి ఇవ్వడమంటే ఏమిటో ప్రొబేషనులో ఉన్నవాడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

శనివారం ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చున్నాను. ప్రోగ్రాంని పక్కన పెట్టి ఫైలుని చూద్దామనిపించింది. యునిక్స్‌లో 'ఓడీ' అనే చిన్న కమాండు ఉంది, ఫైల్లోని బైట్లని ఉన్నవి ఉన్నట్టు ఒక్కొక్కటీ చూపిస్తుంది. మొదట పేరుకి 24 బైట్లు, బాగున్నాయి. తర్వాత నాలుగు బైట్లు: 00, 00, 01, 2సి. హెక్సాలో 12సి అంటే 300. అంటే ఫైలు సరిగ్గానే ఉంది! స్పార్క్ పెద్ద స్థానం నుంచి రాసింది, ఇంటెల్ చిన్న స్థానం నుంచి చదివింది. తిరగేసి చదివితే 73 కోట్లు. పేరు ఎందుకు చెడలేదంటే ఒక్కో అక్షరానికి ఒక్కో బైటే కాబట్టి అక్కడ తిరగేయడానికి ఏమీ లేదు.

మరి రెండో ఇంటి పేరు? అది వేరే జబ్బు. యూనిట్ల తర్వాత బిల్లు మొత్తం ఉండాలి, దానికి 'డబుల్' రకం, 8 బైట్లు. ఫైల్లో చూస్తే యూనిట్లకీ మొత్తానికీ మధ్య నాలుగు బైట్లు ఖాళీ! స్పార్క్ మీద డబుల్ ఎప్పుడూ ఎనిమిదితో భాగింపబడే చోటే మొదలవ్వాలి. 28వ స్థానం పనికిరాదు కాబట్టి కంపైలరు దాన్ని 32కి జరిపింది. 32 బిట్ల ఇంటెల్ లైనక్స్‌లో స్ట్రక్చరు లోపల నాలుగుతో భాగింపబడితే చాలు, 28 దగ్గరే పెట్టేస్తుంది. ఫలితంగా ఒకే స్ట్రక్చరు అక్కడ 40 బైట్లు, ఇక్కడ 36. ఒక్కో రికార్డుకి నాలుగేసి బైట్లు వెనకబడుతూ పోతే పేర్లు చెడక ఏమవుతాయి?

మందు తేలికే. స్ట్రక్చరుని ఏకమొత్తంగా ఫైలులోంచి మెమరీలోకి ఎత్తిపోయడం మానేసి, ఒక్కో భాగాన్ని విడివిడిగా, ఏ స్థానంలో ఎన్ని బైట్లో మనమే చెప్పి చదవాలి. సంఖ్యలకి నెట్‌వర్కు వరుస నుంచి సొంత వరుసకి మార్చే ఫంక్షన్లు యునిక్స్‌లో ముందునుంచే ఉన్నాయి. పెద్ద స్థానం మిషను మీద అవి ఏమీ చేయవు, చిన్న స్థానం మిషను మీద తిరగేస్తాయి. అంటే ఒకే సోర్సు రెండు చోట్లా నడుస్తుంది. డబుల్‌కి మాత్రం ఆ ఫంక్షన్లు లేవు, దాని ఎనిమిది బైట్లని చేత్తోనే తిరగేశాను. సోమవారం నేను ప్రసంగమేమీ చేయలేదు, ఓడీ ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను. మేనేజరు గారు దాన్ని రెండు సార్లు చూసి, "ఈ స్ట్రక్చరు మొదట రాసిందెవరు?" అనడిగారు. టీం లీడరు గారు కిటికీలోంచి బయటికి చూశారు. నాలుగో నెలకే ప్రొబేషను ఎత్తేశారు. ఆ అప్పు 2007 సంక్రాంతికి తీరింది.

ఇదంతా సోర్సు మన చేతిలో ఉన్నప్పటి సంగతి. అసలు చిక్కు కంపైలు చేసిన ఫైలుని మాత్రమే పంపాల్సి వచ్చినప్పుడు. రెండు మిషన్లూ ఇంటెల్, రెండూ లైనక్స్, అయినా నడవదు! ఎందుకు? మన ప్రోగ్రాం ఒంటరిగా బతకదు. తెర మీద అక్షరం వేయడానికి కూడా లిబ్‌సీ అనే ఉమ్మడి లైబ్రరీని నమ్ముకుంటుంది. ఎక్కువ లైనక్స్‌లలో ఉండేది గ్నూ వాళ్ళ జీలిబ్‌సీ. అందులో ప్రతి ఫంక్షనుకీ వెర్షను ముద్ర ఉంటుంది. 2021లో వచ్చిన 2.34 వెర్షనులో ప్రోగ్రాంని మొదలుపెట్టే ఫంక్షనుకే కొత్త ముద్ర వేశారు. అందుకని 2.35 ఉన్న ఉబుంటు 22.04లో 'హలో' అని మాత్రమే పలికే ప్రోగ్రాం కంపైలు చేసి, 2.31 ఉన్న ఉబుంటు 20.04కి తీసుకెళితే ఆ ఒక్క మాట కూడా పలకదు. 'జీలిబ్‌సీ 2.34 దొరకలేదు' అని ఆగిపోతుంది. తిరగేసి చూడండి, పాతదాంట్లో చేసింది కొత్తదాంట్లో హాయిగా నడుస్తుంది. పాత ముద్రల్ని వాళ్ళు జాగ్రత్తగా నిలిపి ఉంచుతారు. కాబట్టి మా వృత్తిలో సూత్రం ఏమిటంటే, కస్టమర్ల దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమేదో చూసి దానిమీద కంపైలు చేయడం. కొత్త మిషను కొన్న కుర్రాళ్ళకి ఇది రుచించదు గానీ, పైథాన్ ప్యాకేజీలు చేసేవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి సెంటాస్ 7 లాంటి పాతదాన్ని, 2.17 జీలిబ్‌సీతో, ఇందుకోసమే పెట్టుకున్నారు.

రెండో దారి ట్రంకు పెట్టె దారి. మనం హాస్టల్లో చేరేటప్పుడు కంచం, గ్లాసు, దుప్పటి, కొబ్బరినూనె సీసా, అమ్మ పెట్టిన పచ్చడి అన్నీ పెట్టెలో సర్దుకుని వచ్చాం కదా. అక్కడ దొరుకుతాయో లేదోనని! అలాగే లైబ్రరీలన్నిటినీ ప్రోగ్రాం లోపలే కుట్టేస్తారు, దీన్ని స్టాటిక్ లింకింగ్ అంటారు. అవసరం లేనివి కూడా మోసుకెళితే పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే. పైగా జీలిబ్‌సీ దీనికి పూర్తిగా సహకరించదు, పేరుని బట్టి నెట్‌వర్కు అడ్రసు వెతికే ఫంక్షన్లు నడిచేటప్పుడు బయటి లైబ్రరీ కోసం మళ్ళీ చేయి చాస్తాయి. 2011లో మొదటిసారి విడుదలైన మజిల్ అనే చిన్న లిబ్‌సీ ఈ పనికి బాగా ఒదుగుతుంది. నేను ఇప్పుడు చిన్న పనిముట్లన్నీ దాంతోనే కడతాను.

అయితే ఎంత సర్దుకున్నా పెట్టె లైనక్స్ పొలిమేర దాటదు. ప్రోగ్రాం చివరికి కెర్నెల్‌ని ఏదో ఒకటి అడగాలి, ఆ అడగడం నంబర్లతో జరుగుతుంది. 64 బిట్ల ఇంటెల్ లైనక్స్‌లో 1 అంటే 'రాయి'. ఫ్రీబీఎస్‌డీలో 1 అంటే 'ముగించు'. ఇక్కడ రాయమన్న మాట అక్కడ కొట్టు కట్టేయమన్నట్టు! అందుకే ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు ఫైలు మీద ముద్ర చూసి, లైనక్స్‌ది అయితే వేరే నంబర్ల పట్టికతో నడిపే ఏర్పాటు చేసుకున్నారు. మ్యాక్‌లో అయితే ఫైలు రూపమే వేరు. వీటన్నిటినీ దాటుకుంటూ ఒకే ఫైలు లైనక్స్, మ్యాక్, విండోస్, బీఎస్‌డీలన్నిటిలో నడిచేలా జస్టిన్ టన్నీ అనే ఆవిడ కాస్మోపాలిటన్ అనే లిబ్‌సీ చేశారు. మొదలవగానే ఏ ఊళ్ళో ఉన్నానో చూసుకుని దానికి తగ్గ నంబరు వాడుకుంటుంది. నాకు చాలా ముచ్చటేసింది. ఉద్యోగంలో మాత్రం ఇంతవరకూ వాడలేదు.

సోర్సు ఇవ్వగలిగితే అదే నయం, ఎక్కడికక్కడ కంపైలు చేసుకుంటారు. అందుకు ఉమ్మడి సిలబస్ లాంటిది పాజిక్స్. 1988లో వచ్చిన ప్రమాణం అది, ఆ పేరు సూచించింది రిచర్డ్ స్టాల్‌మన్. అందులో ఉన్నంతవరకే రాస్తే ఏ యునిక్స్‌లోనైనా కంపైలవుతుంది. సిలబస్‌లో లేని పాఠాలు ఒక్కో కాలేజీ ఒక్కోలా చెప్పినట్టు, వేల కనెక్షన్లని ఒకేసారి కనిపెట్టి ఉండే పనికి లైనక్స్‌లో ఈపోల్, ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ. అలాంటి చోట మిషనుని అడిగి తెలుసుకోవాలి. 1991లో డేవిడ్ మెకంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ చేసేది అదే. కొత్తగా హాస్టల్‌కి వచ్చిన కుర్రాడు నీళ్ళెక్కడ, గంట ఎప్పుడు కొడతారు, లైటు ఎప్పుడు ఆర్పుతారు అని అడిగినట్టు, ఈ ఫంక్షనుందా, ఆ హెడరుందా అని వందల ప్రశ్నలు వేస్తుంది. ఒక్కో ప్రశ్నకీ చిన్న ప్రోగ్రాం రాసి కంపైలు చేసి చూస్తుంది. చూడ్డానికి విసుగే. కానీ 'నీ పేరు సోలారిసా? అయితే నీకు ఇది రాదు' అని పేరుని బట్టి తేల్చేయకుండా, 'నీకు ఇది వచ్చా?' అని నేరుగా అడిగే ఆ పద్ధతి నాకు మొదట్నుంచీ నచ్చింది. ఎందుకు నచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీలో పెద్ద క్లాసుల వాళ్ళ దగ్గర, లేదా ఇంట్లో అన్నయ్య దగ్గర, ఆండ్రాయిడ్ ఫోను ఉండే ఉంటుంది. అదీ లైనక్స్ కెర్నెల్ మీద నడిచేదే. కానీ లోపల చిప్పు ఆర్మ్ జాతి, లిబ్‌సీ కూడా గూగుల్ వాళ్ళ బయానిక్. ల్యాబులో ఇంటెల్ మిషను మీద కంపైలు చేసిన ఫైలు అందులో నడవదు. టెర్మక్స్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది, వేసుకుంటే ఫోన్లోనే సీ కంపైలు చేసుకోవచ్చు. ఇంట్, లాంగ్, పాయింటరు ఒక్కోటి ఎన్ని బైట్లో 'సైజాఫ్'తో అచ్చువేసే ఐదు లైన్ల ప్రోగ్రాం రాసి, ల్యాబులో ఒకసారి, ఫోన్లో ఒకసారి కంపైలు చేయండి. లాంగ్‌కి ఫోను 4 చెబితే అది 32 బిట్లది, 8 చెబితే 64 బిట్లది. ల్యాబులో విండోస్ అయితే 64 బిట్లున్నా 4 అనే చెబుతుంది, కంగారు పడకండి. ఆ తర్వాత 300ని ఒక ఇంట్‌లో పెట్టి దాని బైట్లు ఒక్కొక్కటీ అచ్చువేయండి. 2సి ముందొస్తుందో వెనకొస్తుందో కాగితం మీద రాసి ఉంచండి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు హాస్టల్‌కి వస్తాను, చూపిద్దురు గాని.